పెరటి ముళ్ళ ఎలుకకు పాలు పోయవద్దు

ఈ పత్రికలో మీరు సాధారణముగా విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు, తెగుళ్ళ నివారణ మొదలగు విషయములను చదువుచుందురు. నేడు నేను ముచ్చటించబోవు ప్రాణి పాలివ్వదు, కాడి మోయదు, సంతలో దానికి వెల లేదు. తూకము వేసినచో పావుకిలోకు అటూ ఇటూ ఉండును. అయినను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పెరడు గల ప్రతి రైతు దానిని గురించి నాలుగు మాటలు తెలిసికొనుట మంచిదని నా అభిప్రాయము. అది ముళ్ళ ఎలుక.

పేరులోనే మొదటి చిక్కు ఉన్నది. ఇది ఎలుక కాదు. ఎలుక, పందికొక్కు, ఉడుత, ఏదుపంది ఇవన్నియు ఒక జాతి. వాటికి ముందు పండ్లు ఉలివలె ఉండి, కొరుకుటకు పనికివచ్చును. ముళ్ళ ఎలుకకు అట్టి పండ్లు లేవు. ఇది చుంచుకు చుట్టము. పురుగులను పట్టి నమలుటకు తగిన మొనదేలిన చిన్న పండ్లు దానివి. ఏదుపంది పది కిలోలకు మించి తూగును. జానెడుకు మించిన ముళ్ళు పెంచుకొని, రాత్రికి రాత్రి వేరుశనగ చేనిలో పడి చెట్లు పెళ్ళగించును, గడ్డలు తవ్వును. దానిమీద రైతుకు కోపము వచ్చుట సహజమే. కాని ఆ కోపము ఎవరిమీద తీరుచున్నది?

ఏడెనిమిదేండ్ల క్రిందట ఒకనాటి ఉదయము మా పొరుగు రైతు తుండుగుడ్డలో ఒక ముళ్ళ బంతిని పెట్టుకొని వచ్చెను. "అన్నా, ఏదుపంది పిల్ల సిక్కినాది సూడు. పెద్దదైతే శెనక్కాయలన్నీ తవ్వి పెడతాది. ఇప్పుడే కొట్టేస్తే పోలా?" అనెను. అతడు క్రూరుడు కాడు. అతని లెక్కలో తప్పు లేదు, ప్రాణిని గుర్తించుటలోనే తప్పు. అది పిల్ల కాదు, పూర్తిగా ఎదిగిన ముళ్ళ ఎలుక. ఇంతకంటె పెద్దది కాబోదు, శనక్కాయ ఒక్కటియు తవ్వబోదు. ఏదుపంది చేసిన నేరమునకు ఇది శిక్ష అనుభవించుచున్నదని చెప్పి, సాయంకాలము దానిని పట్టిన గట్టుమీదనే విడిపించితిని.

శాస్త్రజ్ఞులు దీనిని మద్రాసు ముళ్ళ ఎలుక అందురు. 1851లో హార్స్‌ఫీల్డ్ అను పండితుడు దీనిని వర్ణించి పేరు పెట్టెను. దక్షిణ భారతదేశపు మెట్ట మైదానములలో తప్ప ప్రపంచములో మరెక్కడను ఇది సహజముగా లేదు. వీపు నిండ అంగుళమునకు లోపు ముళ్ళు, మొనదేలిన మూతి, పొట్టమీద పలుచని వెంట్రుకలు, ఇవి దాని గుర్తులు. పగలు కంపపొదల అడుగున, రాళ్ళ సందులలో, కన్నములలో పడియుండి, చీకటి పడిన తరువాత బయలుదేరును. అలికిడి అయినచో పరుగెత్తదు. తల, కాళ్ళు లోనికి ముడుచుకొని బంతివలె అగును. నక్కకు, కుక్కకు ఆ ఉపాయము చాలును. బస్సుకు, ట్రాక్టరుకు చాలదు.

నా పెరడు ముద్దనూరు, పులివెందుల నడుమ ఒక పల్లెలో ఉన్నది. పండ్రెండు చీనీ చెట్లు, నాలుగు అరటి పిలకలు, మునగ, కరివేపాకు, మూల ఒక పెద్ద వేపచెట్టు. మూడు వైపుల కంపకంచె, నాలుగవ వైపు నాపరాతి బండల గోడ. ఈ వివరములు చెప్పుటకు కారణమున్నది. ముళ్ళ ఎలుక నా పెరటికి వచ్చినది నన్ను చూచి కాదు, ఆ కంపను, ఆ వేపచెట్టును చూచి.

వేరుశనగ పండించు రైతులకు వేరుపురుగు కొత్త కాదు. పచ్చని చెట్టు వాడిపోవును. పట్టి లాగినచో సులువుగా ఊడివచ్చును. వేరు ఉండదు. తవ్వి చూచినచో తెల్లని పురుగు అర్ధచంద్రాకారముగా ముడుచుకొని కనబడును. దాని తల్లులే మొదటి వానలకు నేలలోనుండి బయటికి వచ్చు పెంకుపురుగులు. అవి రాత్రివేళ వేప, రేగు మొదలగు చెట్లపై వ్రాలి ఆకు తిని, జతగూడి, తెల్లవారుసరికి మరల నేలలో దూరి గ్రుడ్లు పెట్టును. కొమ్మలు దులిపి, రాలిన పురుగులను కిరసనాయిలు కలిపిన నీటిలో వేసి చంపుడని వ్యవసాయశాఖ వారు చాలకాలముగా చెప్పుచున్నారు. ఆ సలహా నేటికిని మంచిదే. ఊరంతయు కలిసి చేసిననే ఫలితముండును. అది వేరు సంగతి.

ఒక జూన్ మాసమున మొదటి వాన వెలిసిన రాత్రి, నేను లాంతరు పుచ్చుకొని వేపచెట్టు క్రిందికి పోయితిని. కరకరమని నమలుచున్న చప్పుడు వినబడెను. పేలాలు నమలునట్లుండెను. ముళ్ళ ఎలుక ఒకటి రాలిన పెంకుపురుగులను ఒక్కొక్కటిగా ఏరుకొని తినుచుండెను. రెక్కలు మూతి ప్రక్కనుండి జారి పడుచుండెను. నేను అరగంటసేపు నిలువబడి చూచితిని. అరువదేండ్ల వయస్సులో పసివానివలె సంతోషించితినని చెప్పుటకు నాకు సిగ్గు లేదు.

ముళ్ళ ఎలుకను కాపాడినచో ఎకరాకు ఇన్ని బస్తాలు పెరుగునని మాత్రము నేను వ్రాయను. ఒక్క ప్రాణి ఒక రాత్రిలో తిను పురుగులెన్ని, ఒక చేనిలో పుట్టు పురుగులెన్ని? వేరుపురుగుకు మందు వేయుట మానుడని కూడ చెప్పను. పెంకుపురుగులు, చెదలు, తేళ్ళు, పురుగు పిల్లలు తినుచు మనకు నష్టము చేయకుండ బ్రతుకు ప్రాణి ఒకటి మన గట్టున ఉన్నదని మాత్రమే చెప్పుచున్నాను. పైరుకు మేలు చేసిననే బ్రతుకనిత్తుమనుట ఏమి న్యాయము?

ఇక పాల సంగతి. దానిని చూచిన మరునాడే మా ఇంటామె సత్తుగిన్నెలో ఆవుపాలు పోసి వేపచెట్టు క్రింద పెట్టెను. పెరటికి వచ్చిన ప్రాణికి పాలు పెట్టుట మన ఇండ్లలో పుణ్యకార్యము. అది త్రాగినది కూడ. ఇంటిల్లిపాదికి ఆనందము. మూడవనాటికి పాదులలో పలుచని ఆకుపచ్చ పెంట కనబడెను. నాలుగవ రాత్రి అది వచ్చినది గాని నడక మందగించినది. తరువాత రాలేదు. పాలవలననే చచ్చెనని ప్రమాణము చేయలేను. కాని తరువాత చదివి తెలిసికొన్నది ఇది: తల్లిపాలు మానిన ముళ్ళ ఎలుకకు పాలలోని చక్కెర అరుగదు. విరేచనములు పట్టును. వేసవిలో అంత చిన్న దేహమునుండి నీరు పోయినచో నిలువదు. ఇష్టముగా త్రాగుచున్నది గదా అని మనము మోసపోవుదుము.

ఈ పొరపాటు మనదే కాదు. ఇంగ్లండు దేశమున తరతరములుగా పెరటి ముళ్ళ ఎలుకలకు పాలు, రొట్టె పెట్టుట ఆచారము. అచ్చటి జాతి వేరు, చలికాలమంతయు నిద్రించునట్టిది. 1982లో ఆ దేశమున ముళ్ళ ఎలుకల సంరక్షణకై ఒక సంఘమే ఏర్పడినది. పాలు పోయవద్దు, నీళ్ళు పెట్టుడని అట్టి సంఘములవారు చెప్పుచున్నారు. అంత ప్రేమించిన దేశముననే 2020లో దానిని ప్రమాదస్థితిలోనున్న జంతువుల పట్టికలో చేర్చవలసివచ్చినది. పళ్ళెములో తిండికి కొరత లేదు. పొలముల నడుమనున్న మొక్కల కంచెలు తీసివేసిరి, పురుగుమందులు పెరిగినవి, రోడ్లు పెరిగినవి. పళ్ళెము ఒక చేతితో పెట్టి, ఇల్లు మరొక చేతితో పెరికినట్లయినది.

మనము కూడ ఆ దారినే పోవుచున్నాము. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ విత్తువారు గట్లను సన్నము చేసి రెండు సాళ్ళు కలుపుకొనుచున్నారు. పులివెందుల చీనీ తోటలకు కంపకంచె తీసి, రాతి కూసములు నాటి ఇనుప కంచె లాగుచున్నారు. కంపకంచె ఏటేట మరమ్మతు కోరును, కూలి దొరకదు. నిజమే. నేను కాదనను. కాని పొలమునకు ఒక మూలనైనను, నాలుగు బారల మేర రేగు, కలివి, తంగేడు పొదను ఉంచినచో ఏ రైతు దివాలా తీయడు. నాపబండలతో గోడ కట్టువారు అడుగున అయిదంగుళముల చదరపు కంత ఒకటి విడువవచ్చును. ఆ కంతలో పందికొక్కు కూడ దూరునని మా మేస్త్రీ ఎత్తిపొడిచెను. దూరును. పందికొక్కుకు కంత ఎవరును విడువనవసరము లేదు, అదే తవ్వుకొనును.

మరి ముళ్ళ ఎలుకకు ఏమి పెట్టవలెను? నా సమాధానము: నీళ్ళు. మార్చి మొదలు తొలకరి వరకు, వెడల్పయిన మట్టి మూకుడులో రెండంగుళముల లోతున నీళ్ళు పోసి, నడుమ ఒక రాయి వేసి, కంచె దాపున నేలమీద ఉంచుడు. ప్రతి సాయంకాలము కడిగి నింపుడు. తిండి పెట్టితీరవలెనని పిల్లలు మారాము చేసినచో ఉప్పుకారములు లేని ఉడికిన గ్రుడ్డు ముక్కలు ఒక చెంచాడు, ఎప్పుడో ఒకనాడు, అంతే. పెరుగన్నము, సంగటి, ఊరగాయ అంటిన మెతుకులు, రొట్టె, బిస్కత్తులు వద్దు. ప్రతిరాత్రి ఒకే చోట తిండి ఉన్నచో ముందు చీమలు, వెనుక ఎలుకలు, వాటి వెనుక నాగుబాము, ఊరకుక్కలు వచ్చును. ముళ్ళ ఎలుక మేలు కోరి పెట్టిన విందు దానికే ముప్పు తెచ్చును. దాని తిండి తోటలోనే ఉన్నది. ఆ తిండిలో మనము విషము కలుపకున్న చాలును.

విషము మాట వచ్చినది గనుక నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. నాలుగేండ్ల క్రిందట శనక్కాయ బస్తాలకు ఎలుకల బెడద హెచ్చినది. తొందరలో జింకు ఫాస్ఫైడు కలిపిన నూకలను కొబ్బరి చిప్పలలో పోసి పెరటి గట్టు పొడుగున పెట్టితిని. మూడవనాటి ఉదయము చీనీ పాదులో ముళ్ళ ఎలుక విప్పుకొని పడియుండెను. అది చచ్చినప్పుడు ముడుచుకొనదు. దాని పొట్టను అంత దగ్గరగా చూచుట అదే మొదటిసారి. మందు దోషము కాదు, పెట్టిన నా దోషము. ఎర పెట్టు సరియైన పద్ధతి నాకు తెలియును, ఇతరులకు చెప్పియున్నాను కూడ.

ఆ పద్ధతి ఇది. సాయంకాలము పొలములోను, గట్లమీదను ఉన్న కన్నములన్నిటిని మట్టితో మూయవలెను. మరునాడు తెరచుకొన్న కన్నములలోనే ఎలుకలున్నవి. కన్నము ముందు కొత్త మట్టి, ఎలుక పెంటికలు, కొరికిన కంకులు, కాయలు కనబడుచున్నవో లేదో చూడవలెను. మొదట 98 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ నూనె కలిపి, మందు లేని ఎరను ఒకటి రెండు దినములు అలవాటు చేయవలెను. తరువాత 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ జింకు ఫాస్ఫైడు కర్రతో కలిపి, పది గ్రాముల చొప్పున కాగితపు పొట్లము కట్టి కన్నములోపల లోతుగా పెట్టి మూసివేయవలెను. చేతితో తాకరాదు, గాలిలో పొడి పీల్చరాదు. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టవలెను. ఇందువలన ఎర ఖర్చు తగ్గును. కోళ్ళు, కుక్కలు, పసిపిల్లలు బ్రతుకుదురు. ముళ్ళ ఎలుక సంగతి అటుంచుడు, ఇంటిలో చంటిబిడ్డ ఉన్నవాడు ఎరను ఆరుబయట ఎట్లు పెట్టగలడు? నేను పెట్టితిని. ఊరి వ్యవసాయ సహాయకులు ఈ విషయమును సభలలో ఒకసారి చెప్పి ఊరకొనక, గట్టుమీదకు పోయి చేసి చూపవలెనని నా మనవి.

పురుగుమందుల గుళికల విషయమున కొంత మేలు జరిగినది. ఎండోసల్ఫాను 2011లో సుప్రీంకోర్టు ఉత్తరువుతో ఆగినది. ఫోరేటు గుళికలకు 2020 డిసెంబరు 31తో గడువు తీరినది. కొట్టు మూలలలో పాత డబ్బాలు ఇంకను ఉన్నచో వాడవద్దు.

తొలకరికి ముందు గట్లు చెక్కి, కంప పోగులు వేసి నిప్పు పెట్టుట మన అలవాటు. ఆ పోగు నాలుగు దినములు పడియుండినచో ముళ్ళ ఎలుకకు అదే ఇల్లు. నిప్పు పెట్టు నాడే పోగును ఒకసారి ప్రక్కకు తిరుగవేసి కాల్చుడు. పది నిమిషముల పని. అట్లే, తోటలలో ప్లాస్టిక్ పట్టా పరచిన నీటికుంటలు ఇప్పుడు చాలచోట్ల ఉన్నవి. పట్టా నున్నగా నుండుటచే పడిన ప్రాణి పైకి ఎక్కలేదు. ఒక పాత గోనెసంచిని, లేక ముళ్ళు వేసిన త్రాటిని గట్టుకు కట్టి నీటిలోనికి వ్రేలాడవేయుడు. మేకపిల్లకు కూడ అది అక్కరకు వచ్చును.

దక్షిణాదిన కొన్ని చోట్ల కోరింత దగ్గుకు ముళ్ళ ఎలుక చర్మము, ముళ్ళు మందని చెప్పి దీనిని చంపుచున్నారు. కోరింత దగ్గుకు టీకా ఉన్నది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరకనే వేయుదురు. దగ్గు పట్టిన బిడ్డకు ముళ్ళు కాల్చిన బూడిద పెట్టుచు కూర్చున్నచో ప్రాణములు రెండును పోవచ్చును.

పట్టణమున నున్న బంధువులు "ఒకటి పట్టి పంపండి, పెంచుకుంటాము" అని అడుగుచుందురు. పంపవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఒకటి ఉన్నది. అదిగాక ఒకచోటి ప్రాణిని మరొకచోటికి మార్చుట ఎంత చేటో చెప్పుటకు స్కాట్లండులోని యూయిస్టు దీవుల కథ చాలును. 1974లో తోటలోని నత్తలు తినునని కొద్దిపాటి ముళ్ళ ఎలుకలను అక్కడికి తీసికొనిపోయి వదలిరి. అవి పెరిగి, నేలమీద పెట్టు నీటిపక్షుల గ్రుడ్లు తినుటకు మరిగినవి. వాటిని పట్టి వెనుకకు తెచ్చుటకు ఏండ్లు పట్టినది. తన చోట మంచిదైన ప్రాణియే పరాయి చోట తెగులైనది.

చూడదలచినవారికి ఒక మాట. తొలకరి మొదటి వానల తరువాతి రాత్రులు చూచుటకు అనువైనవి. ఎనిమిది గంటల తరువాత కుక్కను కట్టివేసి, గాలి మనవైపు వీచునట్లు మంచము వేసికొని కూర్చుండుడు, దాని ముక్కు చురుకైనది. టార్చిలైటుకు ఎర్రగుడ్డ చుట్టుడు. మొదట ఆకులలో సరసర, తరువాత బుస్సుబుస్సుమని ఊపిరి వినబడును. పాము అనుకొని కర్ర ఎత్తవద్దు, నిజముగా పామే కావచ్చును గనుక చెప్పులు లేకుండ దిగవద్దు. ముడుచుకొన్న దానిని కర్రతో దొర్లించుట, నీళ్ళు పోసి విప్పజూచుట పిల్లలకు సరదా. మాన్పించవలెను. దాని ముళ్ళ నడుమ పిడుదులుండును. తాకినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కరచినచో ఏ జంతువు కాటుకైనను పోయినట్లే ఆసుపత్రికి పోవలెను. పగటివేళ ఎండలో తూలుచు తిరుగునది కనబడినచో నీడన అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖ వారికి కబురు చేయుడు.

"అబ్బే, మా ఊళ్ళో అవి లేవు" అనువారు చాలమంది. వారికి మన జిల్లాలోని కలివికోడి సంగతి గుర్తుచేయుదును. 1900 తరువాత దానిని చూచిన శాస్త్రజ్ఞుడు లేడు. అంతరించినదనియే ఎంచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు సిద్ధవటము దాపున రెడ్డిపల్లె వద్ద దానిని మరల కనుగొనిరి. ఆ అడవిలో రాత్రులు తిరుగు స్థానికులకు ఆ పక్షి ఎరుకే. రాత్రి తిరుగు ప్రాణిని పగటి మనుషులు లేదనుకొనుట ఇట్లే ఉండును. దాని కొరకు 1988లో లంకమల అభయారణ్యము ఏర్పడినది. ముళ్ళ ఎలుకకు అభయారణ్యము అడుగుటలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు బాటమీద రాత్రివేళ బండి నడుపువారు, వెలుగులో ముళ్ళ బంతి కనబడినచో ఒక్క క్షణము ఆగవలెనని కోరుచున్నాను.

గ్రామోద్యోగులును, బడిపంతుళ్ళును తమ ఊరిలో దీనిని చూచిన తేదీ, చోటు, బ్రతికియున్నదా, రోడ్డుమీద చచ్చినదా అను వివరములు ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచినచో మూడేండ్లకు ఈ మూడు తాలూకాల లెక్క ఒకటి తయారగును. తాలూకా అనుట నా వయస్సువారి అలవాటు, మండలమని చదువుకొనుడు.

నా పుస్తకములో గడచిన తొలకరికి ఇట్లున్నది: మొదటి వాన వెలిసిన రాత్రి ఎనిమిదిన్నరకు మంచము వేసితిని. పెంకుపురుగులు విస్తారముగా రాలినవి. పదకొండు గంటల వరకు కూర్చుంటిని. రాలేదు. రెండవ రాత్రి రాలేదు. అయిదవ రోజు ఉదయము మూకుడు ప్రక్కన నల్లని పెంట, వ్రేలి పొడుగున, అందులో పెంకుపురుగు రెక్కల ముక్కలు మెరయుచున్నవి. మా ఇంటామెను పిలిచి చూపితిని. "పాలు పోయను లెండి" అనెను.